గేడెలోన్: నెమ్మదే పెట్టుబడిగా లేస్తున్న కోట

ఇంగ్లండ్ రాజు రిచర్డ్ 1196లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని నార్మండీలో సీన్ నది పక్కన ఒక కొండ మీద షాటో గయ్యార్ కోట పని మొదలుపెట్టించాడు. 1198కల్లా కోట దాదాపు పూర్తయింది. అదే ఫ్రాన్స్‌లో, కావాలనే మధ్యయుగపు పద్ధతిలో కడుతున్న గేడెలోన్ కోట 1997లో మొదలైంది, దానికి పాతికేళ్లు దాటినా ఇంకా పని జరుగుతూనే ఉంది. రెండు చోట్లా వాడినవి దాదాపు ఒకటే: రాయి, సున్నం, ఓక్ కలప, ఉలి, గొడ్డలి, గుర్రబ్బండి. ఈ తేడా చూసినవాళ్లు సాధారణంగా ‘పాతకాలం పద్ధతి కదా, ఆ మాత్రం టైమ్ పడుతుంది’ అని సర్దుకుంటారు. కానీ రిచర్డ్ కోట కట్టింది కూడా ఆ పాతకాలం పద్ధతితోనే. కాబట్టి కారణం పనిముట్లలో లేదు. అది ఎక్కడుందో వెతికితే, గేడెలోన్ అసలు ఏం చేస్తోందో కూడా అర్థమవుతుంది.

గేడెలోన్ పారిస్‌కు దక్షిణంగా, బర్గండీ ప్రాంతంలో, ట్రెయ్‌ని అనే ఊరి దగ్గర అడవిలో ఉంది. పక్కనే ఉన్న సాన్ ఫార్జో కోటను కొని బాగుచేయించిన మిషెల్ గీయోకు ఈ ఆలోచన వచ్చింది. ఆ కోట మీద నిపుణులు చేసిన అధ్యయనంలో, పైకి కనిపించే ఇటుక గోడల లోపల మధ్యయుగపు రాతికోట ఒకటి దాగి ఉందని తేలింది. అలాంటి కోటను మొదటి రాయి నుంచి మళ్లీ కడితే ఎలా ఉంటుందన్న ప్రశ్న అక్కడే పుట్టింది. మారిలీన్ మార్టిన్ దాన్ని నడిచే సంస్థగా నిలబెట్టారు. చారిత్రక కట్టడాల ఆర్కిటెక్ట్ జాక్ మూలాన్ ప్లాను గీశారు. 1998 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. స్థలం ఎంచుకున్న తీరులోనే సగం తెలివి ఉంది. పాత రాతి గని, చుట్టూ ఓక్ అడవి, దగ్గర్లో నీళ్లు, బంకమన్ను, ఇసుక. మధ్యయుగంలో కోటల ఖర్చులో పెద్ద భాగం రవాణాకే పోయేది. బరువైన రాయిని బండి మీద కొన్ని మైళ్లు తోలేసరికి దాని ఖరీదు కన్నా కిరాయే ఎక్కువయ్యేది. అందుకే రాయి ఉన్న చోటికే కోట వెళ్లింది.

ప్రాజెక్టుకు ఒక కట్టుకథ కూడా ఉంది. కోట కట్టిస్తున్నది గిల్బెర్ అనే ఓ మోస్తరు స్థానిక ప్రభువు, పని మొదలైంది 1228లో. ఇది పర్యాటకుల సరదా కోసం అల్లిన కథలా కనిపిస్తుంది గానీ, నిజానికి అదొక హద్దుగోడ. తారీఖు ఖాయమైతే ఏ కిటికీ పెట్టొచ్చో, ఏ కమాను పెట్టకూడదో తేలిపోతుంది. ప్రభువు స్థాయి ఖాయమైతే ఎంత ఆడంబరం కుదురుతుందో తేలిపోతుంది. రాజుగారి కోట అనుకుంటే ప్రతి ఒక్కరూ తమ ముచ్చట తీర్చుకునేవారు. చిన్న ప్రభువు దగ్గర డబ్బు తక్కువ కాబట్టి చెక్కుడు పని ద్వారాలకూ కిటికీలకూ పరిమితమైంది, మిగతా గోడంతా మోటు రాయే. (అదే కాలంలో ఓరుగల్లులో గణపతిదేవుడు పాలిస్తున్నాడు. రామప్ప గుడి శాసనం వేయించి అప్పటికి పదిహేనేళ్లు.)

నమూనా కూడా ఆ కాలానిదే. 1180 నుంచి 1223 దాకా ఫ్రాన్స్‌ను ఏలిన రెండో ఫిలిప్, ఫిలిప్ ఆగస్టస్ అని పేరు, కోటలకు ఒక ప్రామాణిక పద్ధతి తెచ్చాడు. కోణాలు తిరిగిన రాతి ప్రాకారం, మూలల్లో గుండ్రటి బురుజులు, వాటిలో ఒకటి మిగతావాటికన్నా ఎత్తుగా లావుగా, ద్వారానికి అటూ ఇటూ జంట బురుజులు, చుట్టూ నీళ్లు లేని కందకం. బాణాలు వేసే సన్నటి సందులు ఒకదాని మీద ఒకటి రాకుండా అంతస్తు అంతస్తుకీ పక్కకు జరిగి ఉంటాయి. అలా ఉంటే శత్రువు దాక్కునే జాగా మిగలదు, గోడ నిలువునా ఒకే గీత మీద బలహీనపడదు. రాజుగారి పద్ధతి కాబట్టి కింది ప్రభువులూ దాన్నే అనుకరించారు. ఆ తరహా కోటలు, వాటి శిథిలాలు ఆ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. గేడెలోన్‌లో ఏదైనా సందేహం వస్తే ముందు వెళ్లి కొలిచి చూసేది అక్కడే. ఆ తర్వాత రాతప్రతుల్లోని బొమ్మలు, చర్చిల గాజు కిటికీలు, పాత జమాఖర్చుల పద్దులు.

ఇవన్నీ చూశాక కూడా ఖాళీలు మిగులుతాయి. పద్దులో ‘ఇన్ని బండ్ల రాయి’ అని ఉంటుంది గానీ ఆ రాయిని గనిలోంచి ఎలా విడదీశారో ఉండదు. రాసినవాడు గుమస్తా, చేసినవాడికి రాయడం రాదు. గేడెలోన్ విలువ ఈ ఖాళీల దగ్గరే మొదలవుతుంది.

రాయినే తీసుకుంటే, అక్కడ దొరికేది ఇనుము కలిసిన ఇసుకరాయి. ఒకే గనిలో ఒక చోట ఉలికి లొంగదు, పక్కనే చేతిలో పొడి అవుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, గని పనివాళ్లు సుత్తితో కొట్టి మోతను బట్టి రాయిని విడదీస్తారు. ఖంగుమంటే గట్టి రాయి. అది భారం మోసే చోటికి, మూలలకు వెళుతుంది. మధ్యరకం గోడ ముఖాలకు సరిపోతుంది. మొద్దుగా మోగేది గోడ లోపల నింపడానికే పనికొస్తుంది. బండను విడదీయడానికి దాని పొర ఎటు పోతోందో ముందు చూస్తారు. ఆ గీత వెంట వరసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు పెట్టి, సమ్మెటతో ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా దించుతారు. బలం కన్నా సమానంగా కొట్టడం ముఖ్యం. ఒక చీల ఎక్కువ దిగితే పగులు దారి తప్పుతుంది, రోజు పని చెత్త కుప్పలోకి పోతుంది. మన వైపు గుట్టల దగ్గర రాయి కొట్టిన వడ్డెర కుటుంబాలకు ఈ లెక్క కొత్తగా చెప్పాల్సింది కాదు.

ఇక్కడే పుస్తకాల్లో పెద్దగా కనిపించని ఒక సంగతి బయటపడుతుంది. కోట పనిలో కీలకమైన మనిషి రాయి చెక్కేవాడు ఒక్కడే కాదు, కొలిమి దగ్గరున్న కమ్మరి కూడా. ఇసుకరాయి ఉలి మొనను గబగబా తినేస్తుంది. మొండిబడ్డ ఉలి కొలిమికి వెళ్లాలి, కాల్చి, సాగగొట్టి, మళ్లీ పదును పెట్టి పంపాలి. కమ్మరి ఆగితే గని ఆగుతుంది. గని ఆగితే గోడ ఆగుతుంది. బురుజు ఎత్తు ఎంత వేగంగా పెరగాలో కొంతవరకు కొలిమి నిర్ణయిస్తుంది. మధ్యయుగపు పద్దుల్లో కమ్మరుల కూలి, బొగ్గు ఖర్చు అంత తరచుగా ఎందుకు కనిపిస్తాయో అప్పుడు అర్థమవుతుంది.

గోడ చూడటానికి ఘనంగా ఉన్నా నిజానికి మూడు పొరలు. బయటా లోపలా పేర్చిన రాతి వరసలు, మధ్యలో రాతి ముక్కలూ సున్నమూ కలిపి పోసిన కూరుడు. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. వచ్చిన సున్నానికి నీళ్లు తగిలితే కుతకుతలాడి మెత్తబడుతుంది. దానికి ఇసుక కలిపి వాడితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తిరిగి పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఇక్కడ ‘మెల్లగా’ అన్నదే అసలు కీలకం. గోడ నడిబొడ్డు దాకా గాలి చేరడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా గడ్డకట్టే చలి తగిలితే తడి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే మధ్యయుగంలో శీతాకాలం రాగానే గోడల తలలను గడ్డితో కప్పి మేస్త్రీలను ఇళ్లకు పంపేసేవాళ్లు. గేడెలోన్‌లోనూ చలికాలంలో కట్టుబడి ఉండదు. ఓరుగల్లు రాతికోట ప్రాకారం దీనికి పూర్తిగా వేరే దారి. అక్కడ పెద్ద పెద్ద గ్రానైట్ బండలను సున్నం లేకుండానే ఒకదానికొకటి అతికేలా పేర్చారు. అక్కడ బండను చెక్కి సరిపెట్టడంలో పట్టిన శ్రమ ఇక్కడ సున్నం ఆరడానికి పట్టే కాలంలోకి మారింది.

కొలతల విషయానికి వస్తే, పదమూడు ముడులు వేసి పన్నెండు సమాన భాగాలు చేసిన తాడు చాలా పనులు చేసిపెడుతుంది. 3, 4, 5 భాగాలతో త్రిభుజంలా లాగితే ఒక మూల సరిగ్గా మూలమట్టానికి వస్తుంది. ఇల్లు కట్టడానికి ముగ్గు పోసేటప్పుడు మన మేస్త్రీలు చూసేది ఇదే లెక్క. రసమట్టం ఉండదు. చెక్క త్రిభుజానికి గుండు కట్టిన దారం వేలాడదీస్తే అదే మట్టం.

బరువులు పైకెత్తడానికి వాడేది పెద్ద చెక్క చక్రం. ఫ్రెంచ్‌లో దాన్ని ఉడుత పంజరం అంటారు. మనిషి చక్రం లోపల నడుస్తుంటే అది తిరుగుతుంది, దాని ఇరుసుకు తాడు చుట్టుకుంటుంది. చక్రం వ్యాసం ఇరుసు వ్యాసం కన్నా చాలా రెట్లు పెద్దది కాబట్టి నడిచేవాడి బరువు అన్ని రెట్ల బరువును లేపుతుంది. జంట చక్రాల్లో ఇద్దరు నడిస్తే దాదాపు అర టన్ను లేస్తుంది. దీనికి మూల్యం దూరం: రాయి ఒక మీటరు లేవాలంటే మనిషి లోపల చాలా మీటర్లు నడవాలి. రోమన్లు వాడి, తర్వాత మరుగున పడిన ఈ యంత్రం ఫ్రాన్స్ రాతల్లో మళ్లీ కనిపించేది 1225 ప్రాంతంలో. అంటే గిల్బెర్ ప్రభువు తారీఖుకు అది సరిగ్గా సరిపోయింది. నిజానికి లోపల నడవడం పెద్ద కష్టం కాదు. ప్రమాదం ఆపడంలో ఉంది. పైన వేలాడే బరువు చక్రాన్ని వెనక్కి తిప్పితే లోపలున్నవాడి ఎముకలు మిగలవు. అందుకే గేడెలోన్ చక్రాలకు మధ్యయుగంలో లేని బ్రేకులు పెట్టారు.

ఇంజనీరింగ్ పరంగా అన్నిటికన్నా టెన్షన్ పెట్టే పని కప్పు. పెద్ద బురుజు కింది గదికి పక్కటెముకల్లాంటి కమానులతో రాతి కప్పు వేశారు. ముందు వడ్రంగులు చెక్కతో సెంట్రింగ్ కట్టాలి. దాని మీద ఒక్కో కమాను రాయినీ నాలుగు వైపులా సమానంగా పేర్చుకుంటూ రావాలి. ఒక పక్క బరువు ఎక్కువైతే చెక్క పక్కకు ఒరుగుతుంది. చివరికి నడిమధ్య రాయి పడ్డాక భారం చెక్క మీది నుంచి రాతి మీదికి మారాలి. సున్నం గట్టిపడేదాకా ఎన్నాళ్లు ఆగాలి, సెంట్రింగ్‌ను ఎంత మెల్లగా దించాలి అన్నవి ఏ రాతప్రతిలోనూ లేవు. కాంక్రీటు స్లాబుకైతే ఇన్ని రోజులని లెక్క ఉంది. ఇక్కడ ఆ లెక్కను మళ్లీ కనుక్కోవాల్సి వచ్చింది. కప్పు నిలబడింది కాబట్టి మధ్యయుగంలో కూడా ఇలాగే చేశారని రుజువైపోయిందా? లేదు. ఇలా చేస్తే కుదురుతుందని మాత్రమే తేలింది. ఈ తరహా ప్రయోగాల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను చాలామంది దాటేస్తారు.

అడవిలో కట్టిన నీటి మరకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లోనే జురా ప్రాంతంలోని తెర్వే దగ్గర తవ్వకాల్లో బయటపడిన మధ్యయుగపు పిండిమర చెక్క అవశేషాలే దానికి ఆధారం. మట్టిలో మిగిలింది కొంత భాగమే. మిగతాది ఊహించి కట్టారు. అది తిరిగింది, గోధుమలు పిండయ్యాయి. ఊహ సరైనదేనని దీనితో ఖాయం కాదు గానీ, పనిచేయని ఊహలు పక్కకు పోయాయి. పరిశోధనకు ఆ మాత్రం చాలు.

ఇక వేగం సంగతి. వేల్స్‌లో బ్యూమారిస్ కోటను 1295లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ మొదలుపెట్టించాడు. ప్రధాన శిల్పి జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. మరుసటి ఏడాది ఖజానాకు వెళ్లిన ఉత్తరంలో లెక్క స్పష్టంగా ఉంది: 400 మంది రాతి మేస్త్రీలు, 2,000 మంది మామూలు కూలీలు, గనిలో 200 మంది, కమ్మరులూ వడ్రంగులూ కలిసి 30 మంది, 100 బండ్లు, 60 పెద్ద బండ్లు, రాయీ బొగ్గూ తెచ్చే 30 పడవలు. వారానికి 250 పౌండ్లు కావాలని అడుగుతూ, కూలీల జీతాలు బాకీ పడ్డాయని అందులోనే మొరపెట్టుకున్నారు. అంత సేనతో మొదలైన బ్యూమారిస్ డబ్బు చాలక చివరికి పూర్తి కాలేదు. ఇప్పటికీ దాని బురుజులు మొండిగానే ఉన్నాయి. షాటో గయ్యార్‌కు రిచర్డ్ రెండేళ్లలో పోసింది సుమారు 12,000 పౌండ్లు.

గేడెలోన్‌లో పనిచేసేది 70 మంది చిల్లర. గని, కొలిమి, వడ్రంగం, పెంకులు, తాళ్లు, బుట్టలు, గుర్రాలు, జనానికి వివరించడం అన్నీ అందులోనే. బ్యూమారిస్ మేస్త్రీల సంఖ్యలో ఐదో వంతు కూడా కాదు. పైగా సీజన్ బట్టి పని, చట్టప్రకారం పనిగంటలు, మధ్యలో ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు వచ్చి ‘ఇదేంటి’ అని అడగడం. అడిగితే ఉలి పక్కన పెట్టి చెప్పాలి, అది ఉద్యోగంలో భాగం. ఎందుకంటే కోట ఖర్చు మోసేది గిల్బెర్ ప్రభువు కాదు, ఏడాదికి వచ్చే సుమారు 3 లక్షల మంది సందర్శకుల టికెట్లు. మొదట్లో ప్రభుత్వ సాయం అందినా, తర్వాత నడిచింది టికెట్ల డబ్బుతోనే.

అంటే మధ్యయుగపు రాజు డబ్బు పెట్టి వేగం కొన్నాడు. శత్రువు సరిహద్దులో ఉన్నప్పుడు సగం కట్టిన కోట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గేడెలోన్‌కు శత్రువు లేడు. జనం చూడటానికి వచ్చేది పూర్తయిన కోటను కాదు, అలాంటివి ఫ్రాన్స్‌లో కావలసినన్ని ఉన్నాయి. పూర్తికాని కోటను, జరుగుతున్న పనిని చూడటానికి వస్తారు. ఇక్కడ నెమ్మదే సరుకు, అమ్ముడుపోయేదీ అదే. మొదట పాతికేళ్లలో ముగుస్తుందనుకున్న పని ఆ గడువు దాటిపోవడం ఎవరినీ పెద్దగా కంగారు పెట్టలేదంటే ఆశ్చర్యం లేదు. ‘మధ్యయుగంలో కోట కట్టడానికి ఎన్నేళ్లు పట్టేది’ అనే ప్రశ్నకు గేడెలోన్ జవాబు చెప్పలేదు. ఒక మేస్త్రీ రోజుకు ఎంత రాయి చెక్కగలడు, ఒక దూలానికి ఎన్ని గంటలు పడతాయి అనే చిన్న ప్రశ్నలకు చెప్పగలదు. పాత పద్దులు చదివే చరిత్రకారులకు కావలసినవి కూడా ఈ చిన్న జవాబులే.

ఈ ఆదాయ పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఆర్కన్సాస్‌లో గేడెలోన్ బాటలోనే ఓజార్క్ మధ్యయుగ కోట అని ఒకటి మొదలై, 2010లో జనాన్ని రానిచ్చింది. సందర్శకులు చాలక 2012కల్లా మూతపడింది. చుట్టుపక్కల అసలు కోటలే లేని దేశంలో కొత్త కోట గోడ దేనికి గుర్తుగా నిలవాలి? ఆస్ట్రియాలోని ఫ్రీసాక్‌లో 2009లో మొదలైన కోట, జర్మనీలోని మెస్కిర్క్ దగ్గర 2013లో మొదలైన క్యాంపస్ గాలి మఠం మాత్రం సాగుతున్నాయి. రెండోదానికి ఆధారం తొమ్మిదో శతాబ్దంలో తోలు మీద గీసిన సెయింట్ గాల్ మఠం ప్లాను.

రాజీలు లేకపోలేదు. పనివాళ్లకు భద్రతా కళ్లద్దాలు, గట్టి బూట్లు తప్పనిసరి. పరంజా మధ్యయుగపు తీరులోనే గోడలో వదిలిన రంధ్రాల్లో దూలాలు దూర్చి కట్టినా, ఇవాళ్టి భద్రతా నియమాలకు లోబడాలి. సున్నం బయట కొంటారు. శుద్ధవాదులు వీటిని ఎత్తి చూపుతుంటారు గానీ ఆ విమర్శలో పస తక్కువ. కూలివాడి ప్రాణానికి విలువ లేని రోజుల్ని తిరిగి తెచ్చి చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అసలైన లోటు వేరే ఉంది. పనివాళ్లంతా ఇష్టపడి వచ్చిన జీతగాళ్లు. మధ్యయుగపు పని స్థలంలో ఉండే తొందర, జీతం అందుతుందో లేదో అన్న బెంగ, యుద్ధ భయం ఇక్కడ ఉండవు. అవి పనితీరును ఎలా మార్చేవో ఏ ప్రయోగమూ చెప్పలేదు.

గేడెలోన్‌ను అన్నిటికన్నా గట్టిగా పరీక్షించింది మాత్రం కోట బయట జరిగిన సంఘటన. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోట్రడామ్ చర్చి పైకప్పు కాలిపోయింది. ఎక్కువ భాగం 13వ శతాబ్దపు ఓక్ దూలాలు. మరుసటి రోజుల్లోనే ఉక్కుతో కట్టాలి, గాజుతో కట్టాలి, కాంక్రీటుతో కట్టాలి అనే వాదనలు లేచాయి. పూర్వోదాహరణ కూడా ఉంది: మొదటి ప్రపంచ యుద్ధంలో కాలిన రేమ్స్ చర్చి పైకప్పును తర్వాత కాంక్రీటుతోనే కట్టారు. చెక్క అసాధ్యమన్నవాళ్ల వాదన రెండు ముక్కల్లో ఇదీ: అన్ని పెద్ద చెట్లు లేవు, చేత్తో చెక్కగలిగే వడ్రంగులూ లేరు.

ఈ రెండిటికీ గేడెలోన్ వడ్రంగుల దగ్గర జవాబు అప్పటికే ఉంది. వాళ్లు కోటలోని పెద్ద హాలుకు పైకప్పు చేసింది ఎండబెట్టిన కోత కలపతో కాదు, అప్పుడే కొట్టిన పచ్చి ఓక్‌తో. పాత దూలాల వార్షిక వలయాలు చూస్తే మధ్యయుగంలోనూ చెట్టు కొట్టిన కొద్ది కాలానికే వాడేవారని తెలుస్తుంది. పచ్చి ఓక్ గొడ్డలికి మెత్తగా లొంగుతుంది, ఎండితే ఇనుమంత గట్టి. ఒక దూలానికి ఒక చెట్టు, దాని లావు దూలానికి సరిపడా ఉంటే చాలు. మహావృక్షాలు అక్కర్లేదు, అడవిలో దగ్గరదగ్గరగా నిటారుగా పెరిగిన సన్నటి ఓక్‌లు కావాలి. గొడ్డలి మాను పీచు ఎటు పోతే అటే వెళుతుంది కాబట్టి పీచు తెగదు. రంపం తిన్నగా కోస్తుంది, మాను వంకర తిరిగిన చోట పీచును తెంపేస్తుంది. కొంచెం వంకరున్నా పీచు తెగని దూలమే ఎక్కువ బరువు మోస్తుంది. చేత్తో చెక్కడం జనం అనుకున్నంత నెమ్మది పని కాదని కూడా గేడెలోన్ అనుభవంలో తేలింది. 2020 సెప్టెంబరులో స్వచ్ఛంద వడ్రంగులు నోట్రడామ్ పైకప్పు చట్రాల్లో ఒకదాన్ని పాత పద్ధతిలో తయారుచేసి, చర్చి ముందు అందరూ చూస్తుండగా తాళ్లతో పైకి లేపి చూపించారు.

చివరికి పైకప్పును ఓక్‌తోనే, గొడ్డలితో చెక్కిన దూలాలతోనే మళ్లీ కట్టారు. కాంట్రాక్టు తీసుకున్న వడ్రంగి సంస్థల్లో గేడెలోన్‌లో పని నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2024 డిసెంబరు 7, 8 తేదీల్లో నోట్రడామ్‌లో మళ్లీ ప్రార్థనలు మొదలయ్యాయి. ఈ లెక్క ఎదురుగా ఉండగా, ‘అడవిలో ఉత్తుత్తి ప్రభువుకు ఉత్తుత్తి కోట ఎందుకు’ అని పాతికేళ్లుగా అడుగుతున్నవాళ్లు ఇకముందు వేరే అభ్యంతరం వెతుక్కోవాలి.